అమ్మాయిని ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూలుకి పంపే ఖర్చు లెక్క: మన గోదావరి వాళ్ళు చూసి చెప్పండి

లంకతోట (అమలాపురం దగ్గర)
4 అక్టోబరు 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఇప్పుడు పది చదువుతోంది. ఇంగ్లండులో ఒక బోర్డింగ్ స్కూలు వాళ్ళు ఆన్‌లైన్‌లో పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి, వచ్చే సెప్టెంబరుకి ఏ లెవెల్స్‌లో సీటిస్తామన్నారు. రెండేళ్ళ చదువు, మన ఇంటర్ లాంటిది. టర్ముకి 16,500 పౌండ్లు, ఏడాదికి మూడు టర్ములు. గది, తిండి అందులోనే. పౌండు 120 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 59 లక్షల 40 వేలు, రెండేళ్ళకి కోటీ 19 లక్షలు.

నాకు ఆరెకరాల రొయ్యల చెరువులు, మూడెకరాల కొబ్బరితోట. మా ఆవిడ గవర్నమెంటు టీచరు. డిపాజిట్లు, చేతిలో ఉన్నది కలిపితే 70 లక్షలు తేలింది. మిగతాది ఈ రెండేళ్ళలో రొయ్యల మీద వస్తుందని నా ఆలోచన. చిన్నవాడు ఆరో తరగతి. పిల్ల చదువులో గట్టిది, వెళ్ళాలని తనకే ఉంది. మా చుట్టుపక్కల అందరూ బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి పంపినవాళ్ళే, ఈ వయసులో పంపినవాళ్ళు నాకు తెలీదు. ఫీజు కాక ఇంకేం పడతాయి, ఎక్కడ ఆగి చూసుకోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

కడియం_నర్సరీ
4 అక్టోబరు, రాత్రి 9:31

ముందు అమ్మాయికి అభినందనలండి. ఆ 16,500లో వాళ్ళ వ్యాట్ కలిసిందా లేదా అడిగారా? కలపకుండా చెప్పారంటే లెక్క మొత్తం మారిపోద్ది.

లంకతోట
4 అక్టోబరు, రాత్రి 9:40

కలిసిందండి. అసలు ఫీజు 13,750, దాని మీద 20 శాతం.

రాజోలు_అమ్మ
4 అక్టోబరు, రాత్రి 10:25

అన్నయ్యగారూ, మా పెద్దమ్మాయి అక్కడే చదివి ఈ ఏడు బయటికొచ్చింది. ఆ వ్యాట్ ఈ సంవత్సరం జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు ప్రైవేటు స్కూలు ఫీజుల మీద లేదు. మీ లెక్కలోనే చూడండి, టర్ముకి 2,750 చొప్పున ఆరు టర్ములకి 16,500 పౌండ్లు పన్నే. అంటే ఒక టర్ము ఫీజు మొత్తం. ఇంకో మాట, ఇప్పుడు చెప్పిన ఫీజు రెండో ఏడాదికి అలాగే ఉండదు. ఏటా పెంచుతారు.

ఇక టర్ము టర్ముకీ ఫీజుతో పాటు ఇంకో కాగితం వస్తుంది, ఎక్స్‌ట్రాస్ అని. పరీక్ష ఫీజులు, టూర్లు, సంగీతం క్లాసు పెట్టుకుంటే అది, విడిగా ట్యూషన్ తీసుకుంటే అది, ఊళ్ళోకి వెళ్ళడానికి టాక్సీ, అన్నీ అందులో. మొదటి టర్ములో యూనిఫారం, చలికోట్లు, బూట్లు, లాప్‌టాప్ ఒక్కసారే పడతాయి. యూనిఫారం కొత్తదే కొనక్కర్లేదు. చాలా స్కూళ్ళలో పాతవి అమ్మే కొట్టు ఉంటుంది, శుభ్రంగా ఉంటాయి, అమ్మాయి ఏమీ అనుకోదు.

డబ్బు కన్నా ముందు ఇది తెలుసుకోండి. క్రిస్మస్ సెలవులు అయిపోయి జనవరి మొదటి వారంలోనే స్కూలు తెరుస్తారు. సంక్రాంతికి పిల్ల ఇంట్లో ఉండదు. మూడు పండగలూ మా అత్తగారు అరిసెల పిండి కలుపుతూ కళ్ళు తుడుచుకునేవారు. ఎండాకాలం సెలవులు జులై, ఆగస్టుల్లో. పిల్ల వచ్చేసరికి మామిడిపళ్ళు అయిపోయి గోదావరికి వరదొచ్చే రోజులు. ఈ సంగతి మీ అమ్మాయికి, ఇంట్లో పెద్దవాళ్ళకి ఇప్పుడే చెప్పండి.

పాలకొల్లు_గట్టు
5 అక్టోబరు, ఉదయం 6:15

సోదరా, నీ పోస్టు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. మిగతా 49 లక్షలు రొయ్యల మీద వస్తుందని రాశావు. ఆ ఒక్క వాక్యం తీసెయ్. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాయే కదా. ఆగస్టు 7న వాళ్ళు 25 శాతం సుంకం వేశారు, ఆగస్టు 27న ఇంకో 25 కలిపారు. అంతకుముందు నుంచి ఉన్న సుంకాలు వేరే. ఆ వారంలో కొనేవాళ్ళు కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎలా రేటు తగ్గించారో నువ్వూ చూశావు, నేనూ చూశాను. మేత రేటు ఏమైనా తగ్గిందా? కరెంటు బిల్లు తగ్గిందా?

సుంకం సంగతి వదిలెయ్, రేపు ఎత్తేశారనుకో. వైట్‌స్పాట్ రోగం తగిలితే నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ. మనకి డబ్బు పట్టుబడికి, అంటే చెరువులో రొయ్య పట్టినప్పుడు వస్తుంది, అదీ వస్తే. స్కూలుకి సెప్టెంబరులో, జనవరిలో, ఏప్రిల్లో తేదీ ప్రకారం కట్టాలి. మన చెరువుకి వాళ్ళ తేదీలు తెలీవు. నేనైతే పిల్ల విమానం ఎక్కే రోజుకి ఆరు టర్ముల డబ్బూ పక్కన పెట్టి ఉంచుతాను, దానితో పాటు ఇంకో టర్ము డబ్బు. అది కుదరకపోతే పంపను. చదువు మధ్యలో పిల్లని వెనక్కి పిలవాల్సొస్తే ఆ వయసులో అది ఎంత దెబ్బో ఆలోచించు.

భీమవరం_ఆడిటర్
5 అక్టోబరు, ఉదయం 10:50

పాలకొల్లు వారితో ఏకీభవిస్తున్నాను. నేను పన్నుల సంగతి చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఇందులో తెలిస్తే మిగిలే డబ్బు ఉంది.

బయటి దేశానికి చదువు కోసం పంపే డబ్బు రిజర్వు బ్యాంకు ఎల్.ఆర్.ఎస్. (మనవాళ్ళు బయటి దేశాలకి డబ్బు పంపుకునే పథకం) కింద వెళ్తుంది. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు, కాబట్టి పరిమితితో మీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది టీ.సీ.ఎస్.తో, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్నుతో. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 లక్షల దాకా ఏమీ పట్టుకోరు (అంతకుముందు 7 లక్షలే). ఆపైన సొంత డబ్బుతో చదువుకి పంపితే ఈ 2025లో 5 శాతం బ్యాంకు పట్టుకుంటోంది. ఫిబ్రవరి బడ్జెట్టులో ఈ రేట్లు మారొచ్చు, మీరు కట్టేనాటికి మళ్ళీ చూసుకోండి.

ఈ 10 లక్షలు ఒక్కో పాన్‌కి, ఒక్కో ఆర్థిక సంవత్సరానికి. మీ ఆరు టర్ములూ క్యాలెండరులో పరచండి. సెప్టెంబరు 2026, జనవరి 2027 ఒక ఆర్థిక సంవత్సరం. ఏప్రిల్ 2027, సెప్టెంబరు, జనవరి 2028 ఇంకోటి. చివరి ఏప్రిల్ మూడోది. మూడో టర్ము ఫీజు మార్చి నెలాఖరున కాకుండా ఏప్రిల్ 1 తర్వాత వెళ్ళేలా స్కూలు ఒప్పుకుంటే కొత్త 10 లక్షలు వాడుకోవచ్చు. మొదటి ఆర్థిక సంవత్సరంలో పడే రెండు టర్ములకి 39 లక్షల 60 వేలు. ఈ 5 శాతం రేటే ఉంటే, మీరొక్కరే పంపితే 29.6 లక్షల మీద 1,48,000 పట్టుకుంటారు. మీరు, మేడమ్ గారు చెరిసగం పంపితే 98,000. మేడమ్ గారి ఖాతాలోంచి వెళ్ళేది ఆవిడ సొంత జీతం పొదుపయితే ఏ ప్రశ్నా రాదు.

ఈ టీ.సీ.ఎస్. పోయిన డబ్బు కాదు. మీకు సాగు ఆదాయం తప్ప పన్ను పడేది లేకపోయినా రిటర్ను వేస్తే వాపసు వస్తుంది. కాకపోతే అన్నాళ్ళూ ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. మేడమ్ గారు ఉద్యోగి కాబట్టి ఆవిడకి పట్టుకున్న టీ.సీ.ఎస్.ని జీతంలో కోసే టీ.డీ.ఎస్.లో సర్దమని ఆఫీసులో అడగొచ్చు. 2024 అక్టోబరు నుంచి ఆ వీలుంది. ఇంకొకటి, రొయ్యల చెరువు ఆదాయం ఆదాయపు పన్ను చట్టం లెక్కలో వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. కొబ్బరి వస్తుంది. రెండూ కలిపి ఒకే గాటన కట్టకండి.

కడియం_నర్సరీ
5 అక్టోబరు, ఉదయం 11:20

ఎడ్యుకేషన్ లోను తీసుకుంటే టీ.సీ.ఎస్. ఉండదంటున్నారు కదండీ ఆడిటర్ గారూ?

భీమవరం_ఆడిటర్
5 అక్టోబరు, ఉదయం 11:45

బ్యాంకు చదువు రుణంతో పంపితే ఈ ఏప్రిల్ నుంచి టీ.సీ.ఎస్. లేదు, నిజమే. కానీ బ్యాంకుల చదువు రుణాలు ఇంటర్ పాసయ్యాక చదివే చదువులకి అని రాసుకున్నవి. పది అయి ఏ లెవెల్స్‌కి వెళ్ళే పిల్లకి మామూలుగా ఇవ్వరు. వడ్డీ మీద మినహాయింపు ఇచ్చే, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈ సెక్షన్ కూడా సీనియర్ సెకండరీ తర్వాతి చదువుకే. కాబట్టి స్కూలు చదువుకి అప్పంటే భూమి తాకట్టో, బంగారమో. వాటి వడ్డీకి ఏ మినహాయింపూ లేదు.

రావులపాలెం_గెల
5 అక్టోబరు, మధ్యాహ్నం 1:05

అప్పెందుకండీ, రోడ్డు పక్క అరెకరం అమ్మితే సరి. భూమి ఉన్నది పిల్లల కోసమే కదా. ఊరి పొలం అమ్మితే పన్ను కూడా ఉండదంటారు.

భీమవరం_ఆడిటర్
5 అక్టోబరు, మధ్యాహ్నం 2:10

అన్ని పొలాలకీ ఆ మాట చెల్లదు. మునిసిపాలిటీ హద్దు నుంచి ఎంత దూరం అన్నది చూస్తారు. జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపు అయితే 6, ఆపైన 8. రోడ్డు మీద కొలత కాదు, గాల్లో తిన్నగా గీత గీసిన కొలత. అమలాపురం 2011 లెక్కల్లో లక్షకి తక్కువ, కాబట్టి హద్దు దాటి 2 కిలోమీటర్లు. భీమవరం అప్పటికే లక్ష దాటింది, ఇక్కడ 6. అమ్మేది కొబ్బరితోటో వరిచేనో అయితే ఒక దారి, తవ్విన చెరువయితే అది వ్యవసాయ భూమేనా అని అడుగుతారు. బేరం మాట్లాడకముందే కాగితాలు చూపించుకోండి. అమ్మాక చూపిస్తే నేను చేయగలిగింది తక్కువ.

గట్టుమీద_గోపాలం
5 అక్టోబరు, సాయంత్రం 5:30

ఆడపిల్లకి కోటి పైన స్కూలుకి పెట్టడం నాకు అర్థం కాలేదు. ఆ డబ్బు ఉంచితే రేపు మంచి సంబంధం చూడొచ్చు. మిగతాది అబ్బాయికి ఉంటుంది.

రాజోలు_అమ్మ
5 అక్టోబరు, సాయంత్రం 6:02

గోపాలం గారూ, కట్నం 1961 నుంచి నేరం. మన రాష్ట్రంలో 1986లో చట్టం తెచ్చి, ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లాడితో సమాన హక్కు ఇచ్చారు. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. ఆ పిల్ల చదువుకి పెడుతున్నది ఎవరి దయా కాదు, ఆమె వాటా. ఖర్చు ఎక్కువంటే మాట్లాడదాం, ఆడపిల్ల అనే మాట ఈ చర్చలో వద్దు.

అయితే అన్నయ్యగారూ, చిన్నవాడి సంగతి నేనూ అడగాలనుకున్నాను. నాలుగేళ్ళు తిరిగేసరికి వాడూ పదికి వస్తాడు. అక్కకి ఇచ్చింది వాడికీ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే వాడికి ఏం చెప్తారు? ఇద్దరి లెక్కా ఒకే పుస్తకంలో రాయండి.

రెడింగ్_తెలుగు
6 అక్టోబరు, తెల్లవారుజామున 3:40

నాది యానాం దగ్గరండి, ఇరవై ఏళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ఇక్కడి సంగతులు కొన్ని రాస్తాను.

వీసా పేరు చైల్డ్ స్టూడెంట్. రుసుము ఈ 2025లో 524 పౌండ్లు. దాని మీద ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776. రెండేళ్ళ కోర్సయినా చదువుకి ముందూ తర్వాతా ఇచ్చే గడువు కలిపి రెండేళ్ళు దాటుతుంది కాబట్టి రెండున్నరేళ్ళకి, అంటే 1,940 కట్టాల్సి వస్తుంది. రెండూ కలిపి 2,464, మీ రేటులో దగ్గర దగ్గర మూడు లక్షలు. ముందే ఒకేసారి. ఇండియా నుంచి టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి.

డబ్బు చూపించే చోట మన రైతులు తడబడతారు. బోర్డింగ్ పిల్లలకి మొదటి ఏడాది ఫీజులో కట్టగా మిగిలినది మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. తోట, చెరువు, బంగారం ఎంతున్నా ఆ కాగితాలు అక్కడ పనికిరావు. 28 రోజుల్లో ఒక్కరోజు తగ్గినా అర్జీ తిరగ్గొడతారు. మేత కొట్టు బాకీ ఆ ఖాతాలోంచి కట్టొద్దు, దానికి వేరే ఖాతా ఉంచుకోండి.

గార్డియన్: పిల్లకి ఇంగ్లండులో ఒక పెద్దమనిషి ఉండాలని స్కూళ్ళు అడుగుతాయి. అక్టోబరు, ఫిబ్రవరి, మే నెలల్లో టర్ము మధ్యలో వారమో పైచిలుకో స్కూలు మూస్తారు, చాలా చోట్ల హాస్టల్లో ఉండనివ్వరు. అప్పుడు బంధువుల ఇంటికి వెళ్ళాలి, లేదా గార్డియన్ సంస్థ చూపించిన ఇంట్లో రోజుకింతని కట్టి ఉండాలి. సంస్థని పెట్టుకుంటే ఈజిస్ (గార్డియన్ సంస్థల్ని తనిఖీ చేసి గుర్తింపిచ్చే సంఘం) గుర్తింపు ఉందో లేదో చూడండి. మీకు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

లంకతోట
6 అక్టోబరు, ఉదయం 7:20

మా ఆవిడ తమ్ముడు ఉన్నాడండి, మీ ఊరికి దగ్గరే. వాడే చూసుకుంటానన్నాడు. ఒకటి అడుగుతాను. రెండేళ్ళు అక్కడ చదివితే తర్వాత యూనివర్సిటీలో అక్కడి పిల్లల ఫీజే పడుతుందని ఒక కన్సల్టెంట్ అన్నాడు. నిజమేనా?

రెడింగ్_తెలుగు
6 అక్టోబరు, మధ్యాహ్నం 1:15

నిజం కాదండి. గట్టిగా చెప్తున్నాను. చదువు కోసం వచ్చి ఉన్న కాలం అక్కడి ఫీజుకి లెక్కలోకి రాదు, ఇక్కడ స్థిరపడే హక్కూ ఉండాలి. మీ అమ్మాయి యూనివర్సిటీలో కూడా విదేశీ విద్యార్థే. డిగ్రీ మూడేళ్ళు, చదువుని బట్టి ఏడాదికి 20 వేల పౌండ్ల నుంచి 40 వేల దాకా ఫీజు, తిండి, అద్దె వేరే. కోటీ 19 లక్షలతో అయిపోయే లెక్క వేస్తున్నారు మీరు. అక్కడే డిగ్రీ అనుకుంటే అది మొదటి సగమే.

మీ బావమరిది ఒప్పుకోవడం మంచిదే. టర్ము మధ్యలో రాత్రి రెండింటికి జ్వరమని స్కూలు ఫోన్ చేస్తే కారు తీసి వెళ్ళగలడా, అంత దగ్గరలో ఉన్నాడా అన్నది మాట్లాడుకోండి.

తణుకు_మాస్టారు
6 అక్టోబరు, సాయంత్రం 4:45

బాబూ, ముప్పై ఏళ్ళు ఇంటర్‌కి ఫిజిక్స్ చెప్పినవాడిని. ఇక్కడ ఎవరూ తలుపు వెనక్కి తెరిచి చూడలేదు, నేను చూస్తాను. ఏ లెవెల్స్ అయ్యాక ఏ కారణం చేతనైనా అమ్మాయి వెనక్కి వచ్చి ఇక్కడ ఇంజనీరింగో మెడిసినో చదవాలంటే?

1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన దగ్గర 85 శాతం సీట్లు స్థానికులకి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఇక్కడ చదివితే స్థానికత వస్తుంది, మన గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. చివరి రెండేళ్ళు ఇంగ్లండులో చదివితే ఆ 85 శాతంలో పోటీ పడే హక్కు పోతుంది, మిగిలిన 15 శాతంలోనే చూసుకోవాలి. మెడిసిన్ ఆలోచన ఒక్క పిసరంత ఉన్నా ఏ లెవెల్స్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ తీసుకోవాలి. అక్కడ పిల్లలకి మామూలుగా మూడు సబ్జెక్టులే ఉంటాయి, ఒకటి వదిలేసి ఎకనామిక్స్ తీసుకుంటే నీట్ తలుపు మూసుకున్నట్టే. సబ్జెక్టుల కాగితం నింపేటప్పుడు మీరు పక్కన కూర్చోండి.

ఇంకో మాట. కేంబ్రిడ్జి ఏ లెవెల్స్ హైదరాబాదులోనూ చెప్తున్నారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బోర్డింగ్ స్కూలు ఉంది, కొడైకెనాల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్) చెప్పే బోర్డింగ్ ఉంది. అక్కడ చదివి డిగ్రీకి ఇంగ్లండు వెళ్ళినవాళ్ళు ఎందరో. కోటి రూపాయలు పదహారేళ్ళకి పెట్టాలా, పద్దెనిమిదేళ్ళకి పెట్టాలా అని అమ్మాయినే అడగండి. పద్దెనిమిదేళ్ళకి బ్యాంకు రుణం దొరుకుతుంది, ఆడిటర్ గారు చెప్పిన 80ఈ దొరుకుతుంది.

పాలకొల్లు_గట్టు
6 అక్టోబరు, రాత్రి 8:10

మాస్టారు చెప్పింది బంగారం. ఇంకొకటి కూడా రాసుకో తమ్ముడూ. పౌండు 2023 జనవరిలో నూరు రూపాయల దరిదాపుల్లో ఉంది. ఇప్పుడు 118 దాటింది. నీకు ఆరు టర్ములకి 99,000 పౌండ్లు కావాలి. అంటే పౌండు ఒక్క రూపాయి పెరిగిన ప్రతిసారీ నీకు 99 వేలు. 120 దగ్గర లెక్క ఆపకు, 130 వేసి చూడు. దాదాపు పది లక్షలు పెరుగుతుంది.

కడియం_నర్సరీ
6 అక్టోబరు, రాత్రి 9:00

నాకూ ఒక ప్రశ్న. మా అన్నయ్య కొడుకు ఎనిమిదో తరగతి. స్నేహితుల ఇల్లుంది కాబట్టి అక్కడే ఉండి మామూలు స్కూలుకి వెళ్తే బోర్డింగ్ ఖర్చు ఉండదు కదా అంటున్నాడు.

రెడింగ్_తెలుగు
7 అక్టోబరు, తెల్లవారుజామున 2:55

ప్రభుత్వ స్కూల్లో ఈ వీసాతో చేరలేడు, ఫీజు కట్టే ప్రైవేటు స్కూలే. పదహారు నిండని పిల్లాడు దగ్గర బంధువులు కాని ఇంట్లో 28 రోజులో ఆపైనో ఉంటే అక్కడి కౌన్సిలుకి (మన మునిసిపాలిటీ లాంటిది) ముందే తెలియజేయాలి, వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారు. తాత, అమ్మమ్మ, మేనమామ, పిన్ని, బాబాయి లాంటి వాళ్ళయితే ఆ నిబంధన లేదు. స్నేహితుల ఇంటికి మాత్రం ఉంది. అతిథిగా నెల రోజులు ఉంచుకోవడం వేరు, పెరిగే పిల్లాణ్ణి ఏళ్ళ తరబడి చూసుకోవడం వేరని కూడా చెప్పండి.

రాజోలు_అమ్మ
7 అక్టోబరు, ఉదయం 9:15

డిపాజిట్ కట్టేముందు ఒప్పందంలో నోటీసు సంగతి చదవండి అన్నయ్యగారూ. పిల్లని మాన్పించాలంటే ఒక టర్ము నిండా ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఆ టర్ము ఫీజు మొత్తం కట్టాల్సిందే. ఇంటి మీద బెంగతో మా పక్కవీధి పిల్లాడు రెండో నెలలో వచ్చేశాడు, వాళ్ళకి తర్వాతి టర్ము బిల్లు కూడా వచ్చింది. పాలకొల్లు అన్నయ్య అదనంగా ఒక టర్ము డబ్బు ఉంచమన్నది దీనికి కూడా పనికొస్తుంది.

లంకతోట
9 అక్టోబరు, రాత్రి 10:30

అందరికీ పేరుపేరునా దండాలండి. రెండు రాత్రులు నేను, మా ఆవిడ, అమ్మాయి ముగ్గురం కూర్చుని మళ్ళీ రాశాం. పౌండు 130 వేసి, రెండో ఏడాదికి ఫీజు కొంత పెంచి, వీసా, టికెట్లు, ఎక్స్‌ట్రాస్, అదనపు టర్ము కలిపితే కోటీ 60 లక్షల దగ్గర తేలింది. చెరువుల మీద వచ్చేది సున్నా అని రాశాం. అంటే తక్కువ పడేది 49 కాదు, 90. దానికి తోట అమ్మాలి. ఆ తోటలో సగం చిన్నవాడిది.

అమ్మాయి ఒక మాటంది. "ఏ లెవెల్స్ హైదరాబాదులో చదువుతాను, మంచి మార్కులొస్తే డిగ్రీకి పంపుతారా?" అని. వాళ్ళమ్మ పంపుతానని మాటిచ్చింది. కానీ పిల్ల ముఖంలో ఆశ చావలేదు, అది నాకు కనిపిస్తోంది. అందుకని స్కూలుకి ఒక ఉత్తరం రాద్దామనుకున్నాం, ఫీజులో తగ్గింపు ఏమైనా ఇస్తారా అని. విదేశీ పిల్లలకి ఇస్తారా? ఎవరికి రాయాలి?

రెడింగ్_తెలుగు
10 అక్టోబరు, తెల్లవారుజామున 3:20

రాయండి, తప్పులేదు. మార్కులు, సంగీతం, ఆటల మీద ఇచ్చే స్కాలర్‌షిప్ విదేశీ పిల్లలకీ ఇస్తారు. కానీ చాలా చోట్ల అది ఫీజులో చిన్న వాటాయే. ఇంటి ఆదాయం చూసి ఇచ్చే బర్సరీలు పెద్దవి, అవి ఎక్కువ భాగం ఇక్కడ ఉండేవాళ్ళకే. ఉత్తరం అడ్మిషన్స్ వాళ్ళకి రాసి, బర్సరుకి (స్కూలు డబ్బు లెక్కలు చూసే అధికారి) కాపీ పెట్టండి. మీరు ఎంత కట్టగలరో అంకె స్పష్టంగా రాయండి. స్కాలర్‌షిప్ వ్యాట్‌కి ముందు ఫీజు మీదా, తర్వాతా అడగండి. జవాబు వచ్చేదాకా డిపాజిట్ గడువు పొడిగించమని అదే ఉత్తరంలో రాయండి.

తణుకు_మాస్టారు
10 అక్టోబరు, ఉదయం 8:00

ఉత్తరం అమ్మాయి చేత రాయించు బాబూ. నువ్వు కింద సంతకం పెట్టు. హైదరాబాదు స్కూళ్ళలో ప్రవేశాల తేదీలు కూడా ఈ వారమే కనుక్కోండి, ఇంగ్లండు జవాబు కోసం చూస్తూ అవి దాటిపోనివ్వద్దు.